అడిగినవాళ్ళు వెళ్ళిపోయాక

కోటి పేర్లున్న జాబితా, దానిపైన వెతకడానికి ఒక పెట్టె ఉన్నాయనుకుందాం. అందులో ‘లక్ష్మి’ అని కొట్టాలి. కంటికి కనిపించేవి రెండే అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో మాత్రం ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పెట్టెలో ఏ చిన్న మార్పు వచ్చినా వెంటనే వెతికేలా ఆ పేజీని రాసి ఉంటే, సంకేతం చేరినప్పుడల్లా సర్వర్‌కి ఒక ప్రశ్న వెళ్తుంది. ‘ల’ ఉన్న పేర్లు తీసుకురా. కాదు, ‘లక’ ఉన్నవి. కాదు, ‘లక్’ ఉన్నవి. పేరు పూర్తయ్యేసరికి ఏడు క్వెరీలు బయల్దేరాయి. మనకు కావలసింది ఏడోది ఒక్కటే. మిగతా ఆరింటికి జవాబులు వచ్చినా చూసేవాళ్ళు లేరు.

ఆ సంగతి డేటాబేస్‌కి ఎవరూ చెప్పలేదు. అది ఏడింటినీ ఒకే శ్రద్ధతో పూర్తి చేస్తుంది. పేరులో ఎక్కడున్నా సరే పట్టుకోమని అడిగాం కాబట్టి మామూలు ఇండెక్స్ అక్కరకు రాదు. ఒక్కో క్వెరీకీ కోటి వరసలనూ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. అంటే ఒక మనిషి ఒక పేరు కొట్టే వ్యవధిలో ఏడు కోట్ల వరసల చదువు, అందులో ఆరు కోట్లు వృథా.

వెబ్ అప్లికేషన్లు నెమ్మదించడానికి చెప్పే కారణాల్లో ఈ వృథా పేరు తక్కువగా వినిపిస్తుంది. సర్వర్ చిన్నదైపోయింది, జనం ఎక్కువయ్యారు, కొత్త మెషీన్ కొనాలి అంటారు. ఆ మెషీన్ చేస్తున్న పనిలో ఎంత భాగం ఇంకా ఎవరికైనా కావాలి అన్న ప్రశ్న ముందు వేసుకోవాలని నా గట్టి నమ్మకం.

ఇంతకీ మనం బ్రౌజర్‌లో ఇంటూ గుర్తు నొక్కితే, లేదా విసుగొచ్చి ట్యాబ్ మూసేస్తే ఏం జరుగుతుంది? ఆ వార్త కొంత దూరం వెళ్తుంది. పాత పద్ధతి హెచ్‌టీటీపీ అయితే బ్రౌజర్ కనెక్షన్‌ని మూసేస్తుంది. 2015లో ప్రమాణంగా వచ్చిన హెచ్‌టీటీపీ/2లో, ఒకే కనెక్షన్ మీద చాలా అభ్యర్థనలు కలిసి నడుస్తాయి కనుక, ‘ఈ ఒక్కటి ఇక అక్కర్లేదు’ అని చెప్పే ప్రత్యేక సందేశం ఉంది. ముందు వరసలో ఉండే ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి సర్వర్ దాన్ని అందుకుని, తన లాగ్ ఫైల్‌లో 499 అనే అంకె రాసుకుంటుంది. అడిగినవాళ్ళే మూసేసి వెళ్ళిపోయారని దాని అర్థం. అధికారిక హెచ్‌టీటీపీ సంకేతాల్లో ఆ అంకె లేదు, ఎన్‌జిన్‌ఎక్స్ తయారుచేసినవారు తమ అవసరానికి పెట్టుకున్నది. ఆ తర్వాత అది తన వెనకున్న అప్లికేషన్‌తో ఉన్న కనెక్షన్‌ని కూడా మూసేస్తుంది.

సాధారణంగా వార్త ఆగిపోయేది అక్కడే. అప్లికేషన్‌లో ఆ అభ్యర్థనను చూస్తున్న థ్రెడ్, డేటాబేస్ జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది. తన వెనక తలుపు మూసుకుందో లేదో చూసే స్థితిలో లేదు. పీహెచ్‌పీలో అయితే ఇది మరీ స్పష్టం: బ్రౌజర్‌కి ఏదైనా పంపబోయినప్పుడే అవతలివాళ్ళు లేరన్న సంగతి ఆ ప్రోగ్రామ్‌కి తెలుస్తుంది. పంపడానికి జవాబు రావాలి, జవాబు రావడానికి క్వెరీ పూర్తవాలి. తెలిసేసరికి ఆదా చేయడానికి ఏమీ మిగలదు.

ఇక డేటాబేస్ సంగతి మన కంప్యూటర్లోనే చూడొచ్చు. పోస్ట్‌గ్రెస్ ఉంటే చాలు, ఐదు నిమిషాల పని. ఒక టెర్మినల్‌లో పీఎస్‌క్యూఎల్ తెరిచి, పీజీ_స్లీప్ అనే ఫంక్షన్‌కి 600 ఇచ్చి పిలవండి. పది నిమిషాలు ఏమీ చేయకుండా పడుకోమని దానికి అర్థం. ఇప్పుడు రెండో టెర్మినల్ తెరిచి, ఆ పీఎస్‌క్యూఎల్ ప్రోగ్రామ్‌ని కిల్ మైనస్ 9తో చంపేయండి. మొదటి తెర పోయింది, అడిగిన ప్రోగ్రామ్ ఈ లోకంలో లేదు. ఇప్పుడు మరో పీఎస్‌క్యూఎల్ తెరిచి పీజీ_స్టాట్_యాక్టివిటీ అనే పట్టికను చూడండి. మీరు పంపిన క్వెరీ ఇంకా అక్కడే ఉంటుంది. స్థితి దగ్గర ‘యాక్టివ్’ అని ఉంటుంది. నిమిషం ఆగి మళ్ళీ చూసినా ఉంటుంది.

కారణం ఆ ప్రోగ్రామ్ నిర్మాణంలో ఉంది. పోస్ట్‌గ్రెస్ ప్రతి కనెక్షన్‌కీ ఒక ప్రాసెస్‌ని కేటాయిస్తుంది. ఆ ప్రాసెస్ అవతలివైపు చూసేది రెండే సందర్భాల్లో: తర్వాతి ఆదేశం చదవబోయేటప్పుడు, ఫలితాలు పంపబోయేటప్పుడు. మధ్యలో లెక్కలో మునిగి ఉంటుంది. ఏడాది అమ్మకాలన్నీ కూడి ఒక్క మొత్తం చెప్పమన్న క్వెరీ అయితే చివరి క్షణం దాకా పంపాల్సింది ఏమీ ఉండదు. ఆ చివర్లో కూడా మొదటి రాత చాలాసార్లు విజయవంతంగానే ముగుస్తుంది. ఎందుకంటే అది ముందు ఆపరేటింగ్ సిస్టమ్ బఫర్‌లో పడుతుంది, ‘ఇక్కడ ఎవరూ లేరు’ అనే జవాబు తర్వాత వస్తుంది.

ఇది డేటాబేస్ రాసినవారి అజాగ్రత్త అనుకోకూడదు. కనెక్షన్ బతికుందా అని మాటిమాటికీ తొంగిచూడటానికి ఖర్చవుతుంది. పైగా టీసీపీలో ఒకవైపు మూసుకుందంటే అవతలివారు చచ్చిపోయారని అర్థం కాదు. ‘నేను చెప్పాల్సింది అయిపోయింది, నువ్వు చెప్పు వింటాను’ అనే సగం మూత కూడా నియమాల ప్రకారం చెల్లుతుంది. 2021లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 14లో దీనికోసం క్లయింట్_కనెక్షన్_చెక్_ఇంటర్వెల్ అనే సెట్టింగ్ చేర్చారు. ఇన్ని సెకన్లకోసారి అవతల మనిషి ఉన్నాడో లేదో చూడమని చెప్పొచ్చు. లినక్స్‌లో అది అయిదు సెకన్లకు పెట్టి పై ప్రయోగం మళ్ళీ చేస్తే, క్వెరీ కొద్దిసేపట్లోనే మాయమవుతుంది. కాకపోతే ఆ సెట్టింగ్ సున్నాతో, అంటే నిద్రలో, వస్తుంది. మనమే లేపాలి.

ఇందులోనూ ఒక కంత ఉంది. ట్యాబ్ మూసినా, ప్రోగ్రామ్‌ని చంపినా, మూసేశామన్న సందేశం పంపడానికి ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. కరెంటు పోయి మెషీన్ ఒక్కసారిగా ఆగిపోతేనో, మధ్యలో కేబుల్ తెగితేనో ఆ సందేశం కూడా రాదు. అవతల నిశ్శబ్దం. ఆలోచిస్తున్నవారి నిశ్శబ్దానికీ, లేనివారి నిశ్శబ్దానికీ తేడా టీసీపీకి తెలియదు. తెలుసుకోవడానికి కీప్‌అలైవ్ అనే పలకరింపు ఉంది కానీ, లినక్స్‌లో అది మామూలుగా మొదలయ్యేది 7,200 సెకన్ల మౌనం తర్వాత. రెండు గంటలు! ఆపైన 75 సెకన్లకోసారి తొమ్మిది పలకరింపులకు బదులు రాకపోతే అప్పుడు తేలుస్తుంది. ఆ అంకెను తగ్గించుకోకుండా ఈ విషయంలో టీసీపీ మీద భారం వేయడం దండగ.

వెబ్ పుట్టకముందే ఈ చిక్కు గురించి ఆలోచించినవారున్నారు. ఒక కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్ మరో కంప్యూటర్‌లోని పనిని మామూలు ఫంక్షన్‌లా పిలవగలిగితే ఎలా ఉంటుందన్నది బ్రూస్ జే నెల్సన్ 1981లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పీహెచ్‌డీ పరిశోధన. పిలిచిన కంప్యూటర్ మధ్యలో పడిపోతే అవతల నడుస్తూ మిగిలిపోయే పనుల్ని ఆయన అనాథలన్నారు. వాటికి నాలుగు దారులు చెప్పారు. పడిపోయిన కంప్యూటర్ మళ్ళీ లేచాక తన చిట్టా చూసుకుని, తాను అప్పగించిన పనుల్ని వెతికి ఆపడం ఒకటి. లేవగానే ‘ఇది నా కొత్త జన్మ, పాత జన్మలో అడిగినవన్నీ ఆపేయండి’ అని అందరికీ చాటడం రెండోది. ఆ చాటింపు విన్న సర్వర్, పని తాలూకు యజమానిని వెతికి, దొరక్కపోతేనే ఆపడం మూడోది. నాలుగోది అన్నిటికన్నా సాదా: ప్రతి పనికీ పుట్టుకలోనే గడువు కట్టడం. గడువు అయ్యేలోగా యజమాని వచ్చి పొడిగించకపోతే పని దానంతటదే ఆగిపోతుంది.

మొదటి మూడింటికీ ఎవరో ఒకరు బతికి ఉండి, వార్త మోసుకెళ్ళాలి. నాలుగోదానికి వార్తే అక్కర్లేదు. నాలుగు దశాబ్దాల తర్వాత కూడా ఆచరణలో నిలిచేది అదేనని నా అభిప్రాయం. కారణం చెప్పే ముందు, ఆగని పనులు ఎంత నష్టం చేస్తాయో లెక్క వేసి చూద్దాం.

ఒక అప్లికేషన్‌కి డేటాబేస్‌తో 20 కనెక్షన్ల పూల్ ఉందనుకుందాం. పోస్ట్‌గ్రెస్ మామూలుగా మొత్తం వంద కనెక్షన్లకే ఒప్పుకుంటుంది, మైఎస్‌క్యూఎల్ 151కి, కాబట్టి 20 అనేది ఊహకు అందని సంఖ్య కాదు. ఒక రిపోర్ట్ క్వెరీకి 30 సెకన్లు పడుతుంది. నిమిషానికి 40 క్వెరీలు పూర్తవుతాయి. నిమిషానికి 40 మంది వచ్చి ఒక్కోసారి అడిగితే సరిగ్గా సరిపోతుంది. కానీ మనుషులు పది సెకన్లు చూసి రిఫ్రెష్ నొక్కుతారు. ఫలితాల రోజున పిల్లల హాల్ టికెట్ నంబర్ చేతిలో పట్టుకున్న ఏ తల్లిదండ్రులైనా అదే చేస్తారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఒక్కొక్కరు మూడుసార్లు నొక్కితే నిమిషానికి 120 క్వెరీలు చేరతాయి, 40 తీరతాయి, 80 మిగులుతాయి. అయిదు నిమిషాలకు వరసలో నాలుగు వందలు. అది పది నిమిషాల పని.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వరసలో ముందొచ్చినవారికి ముందు వడ్డించడం న్యాయమని మనకు అనిపిస్తుంది. ఈ పరిస్థితిలో వరస మొదట్లో ఉన్నవి మూడు నిమిషాలకు పైగా పాతబడిన క్వెరీలు. వాటిని అడిగినవాళ్ళెవరూ ఇప్పుడు ఆ పేజీ ముందు లేరు. ఇప్పుడే వచ్చి ఎదురుచూస్తున్నవాళ్ళది చివర, వాళ్ళ వంతు వచ్చేసరికి వాళ్ళూ పోతారు. సర్వర్ నూటికి నూరుపాళ్ళు పనిచేస్తూనే ఉంటుంది, ప్రాసెసర్ సెగలు కక్కుతూనే ఉంటుంది, బయట ఒక్కరికీ జవాబు అందదు. ఫేస్‌బుక్‌లో ఇలాంటి పరిస్థితుల్ని ఎలా ఎదుర్కొన్నారో బెన్ మౌరర్ 2015లో రాశారు. మామూలప్పుడు ముందొచ్చినవారికే ముందు, వరస పేరుకుపోతే మాత్రం చివర వచ్చినవారికి ముందు. ఇంకా ఎదురుచూస్తూ ఉండే అవకాశం ఎక్కువ ఉన్నది వాళ్ళే కదా. వినగానే అన్యాయంగా తోచే ఈ పద్ధతి, కాస్త ఆలోచిస్తే, ఉన్నంతలో ఎక్కువమందికి మేలు చేసేది.

వదిలేసిన పని నడుస్తూనే ఉంటుందన్న ఈ బలహీనతను దాడికి వాడుకున్నవారూ ఉన్నారు. హెచ్‌టీటీపీ/2లో ఒక కనెక్షన్ మీద ఒకేసారి ఇన్ని అభ్యర్థనలే అని సర్వర్లు హద్దు పెడతాయి. అభ్యర్థన పంపి ఆ వెంటనే రద్దు చేస్తే అది ఆ హద్దు లెక్కలోకి రాదు. కానీ సర్వర్ దాని పని అప్పటికే మొదలుపెట్టేసి ఉంటుంది. పంపు, రద్దు చెయ్యి, పంపు, రద్దు చెయ్యి. 2023 ఆగస్టులో ఈ పద్ధతితో జరిగిన దాడి సెకనుకు 39.8 కోట్ల అభ్యర్థనల దాకా వెళ్ళిందని గూగుల్ ఆ అక్టోబరులో ప్రకటించింది. రద్దు చేయడం అడిగేవారికి చౌక, రద్దయిన పనిని నిజంగా ఆపడం చేసేవారికి ఖరీదు. ఆ తేడాలోనే దాడి అంతా ఉంది.

సరే, ఆపాలనుకున్నాం. ఎలా? ఇందాకటి ప్రయోగంలో పీఎస్‌క్యూఎల్‌ని చంపకుండా కంట్రోల్-సీ నొక్కి ఉంటే క్వెరీ వెంటనే ఆగేది. అది ఎలా ఆగుతుందో చూడదగ్గది. నడుస్తున్న కనెక్షన్ మీద ఏం చెప్పినా ఆ ప్రాసెస్ వినదు కదా. అందుకని పీఎస్‌క్యూఎల్ పక్కనుంచి మరో కొత్త కనెక్షన్ తెరుస్తుంది. దాని మీద 80877102 అనే సంఖ్య, ఆపాల్సిన ప్రాసెస్ నంబర్, మొదట పరిచయమైనప్పుడు సర్వర్ ఇచ్చిన రహస్య సంఖ్య పంపుతుంది. (ఆ పెద్ద సంఖ్యను 16 బిట్ల చొప్పున రెండు ముక్కలు చేస్తే 1234, 5678 వస్తాయి. రాసినవారి సరదా.) సర్వర్ రహస్యం సరిపోల్చుకుని, ఆ ప్రాసెస్‌కి ఒక సిగ్నల్ ఇస్తుంది. ఆ ప్రాసెస్ అక్కడికక్కడే చావదు. సిగ్నల్ వచ్చిందని గుర్తుపెట్టుకుని, చేస్తున్న పనిలో సురక్షితమైన చోటికి చేరాక, ట్రాన్సాక్షన్ వెనక్కి తిప్పి ఆగుతుంది. మైఎస్‌క్యూఎల్‌లోనూ పద్ధతి దాదాపు ఇదే: ఇంకో కనెక్షన్ తెరిచి, ఆపాల్సినదాని నంబర్‌తో కిల్ క్వెరీ అనాలి.

పూల్ వాడేవాళ్ళు జాగ్రత్తపడాల్సిన చోటు ఇదే. రద్దు సందేశంలో ఉన్నది ప్రాసెస్ నంబర్, క్వెరీ నంబర్ కాదు. సందేశం దారిలో ఉండగా ఆ క్వెరీ తనంతట తానే ముగిసి, ఆ కనెక్షన్ పూల్‌లోకి తిరిగి వెళ్ళి, మరొకరి పనికి కేటాయింపు అయిందనుకోండి. ఆలస్యంగా చేరిన రద్దు, ఆ మరొకరి క్వెరీని ఆపుతుంది. ఏ పాపం తెలియని మనిషికి తెరమీద ఎర్రర్. రద్దుకు జవాబు తేలేదాకా కనెక్షన్‌ని పూల్‌కి తిరిగి ఇవ్వకూడదు. సొంతంగా రద్దు రాసుకునేవాళ్ళు మరిచిపోయేది ఇదే.

ఇప్పటి భాషల్లో దీనికి మంచి సదుపాయాలే ఉన్నాయి. గో భాషలో వెబ్ అభ్యర్థనకు ఒక కాంటెక్స్ట్ ఉంటుంది, అడిగినవాళ్ళు వెళ్ళిపోతే అది రద్దవుతుంది. 2017లో వచ్చిన గో 1.8 నుంచి డేటాబేస్ పిలుపులకు కూడా దాన్ని అందించవచ్చు. డాట్‌నెట్‌లో క్యాన్సెలేషన్ టోకెన్ అదే పని చేస్తుంది. జావాలో స్టేట్‌మెంట్‌కి క్యాన్సెల్ ఉంది. చిక్కల్లా ఒకటే: మధ్యలో ఒక్క ఫంక్షన్ దాన్ని తన కిందివారికి అందించకపోయినా గొలుసు అక్కడ తెగుతుంది, తెగినట్టు ఏ ఎర్రరూ రాదు.

అందుకే గడువు కావాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, బోరు మోటార్లకు పెట్టుకున్న ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది. రైతు ఇంట్లో నిద్రపోతున్నా మోటారు నడుస్తూనే ఉండి, మడి నిండాక కూడా భూగర్భ జలం తోడేస్తుందన్నది భయం. గడువు లేని క్వెరీ ఆ మోటారే. పోస్ట్‌గ్రెస్‌లో స్టేట్‌మెంట్_టైమౌట్ ఉంది, కానీ అదీ సున్నాతోనే, అంటే ఎంతసేపైనా సరే అన్న అనుమతితోనే వస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో మ్యాక్స్_ఎగ్జిక్యూషన్_టైమ్ మిల్లీసెకన్లలో చెప్పాలి, అది సెలెక్ట్‌లకే వర్తిస్తుంది. మారియాడీబీలో దానికి దగ్గరి సెట్టింగ్ సెకన్లలో ఉంటుంది. ఒకదాని అంకె ఇంకోదానిలో పెట్టేస్తే గడువు వెయ్యి రెట్లు మారిపోతుంది.

గడువుల మధ్య వరస ముఖ్యం. ఎన్‌జిన్‌ఎక్స్ తన వెనకున్న అప్లికేషన్ నుంచి ఏమీ రాకపోతే మామూలుగా 60 సెకన్లు చూసి, 504 చెప్పి వదిలేస్తుంది. డేటాబేస్ గడువు దానికన్నా ఎక్కువ ఉంటే, తేడా ఉన్న సమయమంతా అనాథల పాలే. లోపలికి వెళ్ళేకొద్దీ గడువు తగ్గాలి. పెద్ద వ్యవస్థల్లో అయితే ప్రతి అంచెకూ వేరే అంకె పెట్టకుండా, మొత్తం గడువులో ఇంకా ఎంత మిగిలిందో ఆ అంకెనే కిందికి పంపుతారు.

రాసే పనుల దగ్గర మాత్రం ఈ ఉత్సాహం తగ్గించుకోవాలి. చదివే క్వెరీని ఎప్పుడు ఆపినా పోయేది ఏమీ లేదు. డబ్బు కట్టే బటన్ నొక్కి, తెర తిరుగుతూ ఉండగా ట్యాబ్ మూసేసిన మనిషి, ఆ పని వద్దనుకున్నాడో, అయిపోయిందనుకున్నాడో మనకు తెలియదు. కమిట్ అయిన మరుక్షణం కనెక్షన్ తెగితే, అయిందన్న కబురు రాదు, ఆపమన్న మాట చెల్లదు. ఆ మనిషి మళ్ళీ నొక్కితే రెండోసారి డబ్బు కట్టినట్టవుతుంది. కనుక అడిగినవాళ్ళు వెళ్ళిపోయారన్న కారణంతో రాత పనిని ఆపకూడదు, దాన్ని తన గడువులోపల ముగియనివ్వాలి. ప్రతి అభ్యర్థనకూ బ్రౌజర్ వైపే ఒక ప్రత్యేక సంఖ్య పుట్టించి, అదే సంఖ్య రెండోసారి వస్తే పని మళ్ళీ చేయకుండా పాత ఫలితమే చెప్పాలి. ఇది పెట్టుకున్నాక రిఫ్రెష్ నొక్కినా భయం లేదు.

ట్రాన్సాక్షన్ తెరిచి, కమిట్ చేయకుండా అప్లికేషన్ ఎటో పోయిన సందర్భం ఇంకో రకం. క్వెరీ ఏదీ నడవదు, ప్రాసెసర్ ఖాళీ, కానీ అది పట్టుకున్న లాక్‌లు అలాగే ఉంటాయి. ఆ వరసలు మార్చాలనుకున్న ప్రతివాళ్ళూ వెనక ఆగిపోతారు. పాత వరసలను శుభ్రం చేసే వాక్యూమ్ కూడా, ఆ ట్రాన్సాక్షన్‌కి అవి ఇంకా కావాలేమోనని వాటిని తాకదు, టేబుల్ ఉబ్బుతూ పోతుంది. 2016 నాటి పోస్ట్‌గ్రెస్ 9.6 నుంచి దీనికి వేరే గడువు ఉంది. స్టేట్‌మెంట్_టైమౌట్ దీన్ని పట్టుకోదు, రెండూ పెట్టాలి.

మొదట చూసిన లక్ష్మి పెట్టెకి వైద్యం చాలా తేలిక. చివరి సంకేతం పడ్డాక ఒక 300 మిల్లీసెకన్లు ఆగి వెతకడం, కొత్త ప్రశ్న వెళ్ళేముందు పాతదాన్ని బ్రౌజర్‌లోనే రద్దు చేయడం, డేటాబేస్‌లో ట్రైగ్రామ్ ఇండెక్స్ కట్టడం. ఆ ఇండెక్స్ మూడేసి సంకేతాల ముక్కలతో నడుస్తుంది కాబట్టి, అంతకన్నా తక్కువ కొడితే అసలు వెతకకుండా ఉండటమే మేలు. ఇరవై మిల్లీసెకన్లలో ముగిసే క్వెరీని రద్దు చేయాల్సిన పనే రాదు. అందుకని నేనైతే ముందు క్వెరీని బాగుచేస్తాను, తర్వాత గడువు పెడతాను, రద్దు గొలుసు ఆ తర్వాతే.

నిజంగానే నిమిషాలు పట్టే రిపోర్టులుంటాయి. వాటిని వెబ్ పేజీ వెనక నడపకూడదు. అడిగినవారికి ఒక నంబర్ ఇచ్చి, పనిని వెనక వరసలో వేసి, అయ్యాక కబురు పంపాలి. వెబ్ పేజీలకు ఒక డేటాబేస్ యూజర్, రిపోర్టులకు మరొక యూజర్ పెడితే గడువులు విడివిడిగా కట్టొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో యూజర్‌వారీగా స్టేట్‌మెంట్_టైమౌట్ పెట్టడానికి ఒక్క ఆదేశం చాలు. ఆ విభజన చేశాక ఇంకో సౌలభ్యం కూడా చేతికొస్తుంది. పీజీ_స్టాట్_యాక్టివిటీలో వెబ్ యూజర్ పేరుతో 60 సెకన్లు దాటి ‘యాక్టివ్’గా ఉన్న ప్రతి వరస, ఎన్‌జిన్‌ఎక్స్ అప్పటికే వదిలేసిన అభ్యర్థనదే. పనిదినం మధ్యలో ఒకసారి ఆ వరసలు లెక్కపెట్టి, కొత్త మెషీన్ కొనాలా వద్దా అన్న చర్చ ఆ అంకెతో మొదలుపెట్టొచ్చు.